అనుభవం ఒక్కటే ఆధారమా?

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరబోతున్నారు. ఫలానా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో బగ్‌లు ఎక్కువనీ, టీమ్ వేర్వేరు దేశాల్లో ఉంటే నాణ్యత దెబ్బతింటుందనీ అక్కడ గట్టిగా చెప్పేవాళ్ళు తారసపడతారు. ఎలా తెలుసని అడిగితే అనుభవం అంటారు. 2016లో పరిశోధకులు దేవన్‌బు, జిమ్మర్‌మన్, బర్డ్ మైక్రోసాఫ్ట్‌లో 564 మంది ప్రోగ్రామర్లను అడిగితే తేలింది కూడా అదే: వాళ్ళ నమ్మకాలకు మూలం ప్రధానంగా సొంత అనుభవం, పరిశోధన ఫలితాలు కావు. అనుభవం విలువైనదే. కానీ దెబ్బ తగిలిన ప్రాజెక్టు గుర్తున్నట్టు సాఫీగా సాగినవి గుర్తుండవు. టీములు దూరంగా ఉండడం గురించి 2009లో వెలువడిన మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టా అధ్యయనం చూడండి. ఒక్కో బైనరీకి (ప్రోగ్రామ్ ఫైలుకు) కోడ్ రాసినవాళ్ళు ఒకే బిల్డింగులో కూర్చున్నారా, ఒకే క్యాంటీన్‌లో తిన్నారా, ఖండాలు దాటి ఉన్నారా అని లెక్కతీసి, విడుదల తర్వాతి వైఫల్యాలతో పోల్చారు. తేడా స్వల్పం. పనిచేసిన వాళ్ళ సంఖ్యను పరిగణనలోకి తీసుకుంటే అది ఇంకా తగ్గింది. విదేశీ టీములతో కలిసి పనిచేసే హైదరాబాదు ఇంజినీర్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఒక కంపెనీ లెక్క మరో కంపెనీకి వర్తిస్తుందా అనే అభ్యంతరం న్యాయమైనదే. ఒకే రకం టూల్స్, రోజువారీ సంప్రదింపులు విస్టా టీములకు తోడ్పడి ఉంటాయని ఆ అధ్యయనం చేసినవాళ్ళే రాశారు. పరిశోధనలూ తప్పుతాయి: ఏ లాంగ్వేజ్‌లో లోపాలెక్కువో తేల్చిన 2014 గిట్‌హబ్ అధ్యయనాన్ని 2019లో వేరేవాళ్ళు తిరగదోడితే, చాలా ఫలితాలు నిలబడలేదు. అయితే ఆ తప్పు బయటపడింది డేటా వేరేవాళ్ళ చేతికి అందబట్టే. సీనియర్ నోటిమాటకు అలాంటి పరీక్ష ఎక్కడుంది? ఇక డెడ్‌లైన్ల మధ్య ఇదంతా చూసే సమయం ఎక్కడిదన్న అభ్యంతరం. సమయం ఖర్చునూ లాభంతో కలిపి లెక్కవేయాలి. మైక్రోసాఫ్ట్, ఐబీఎంలలో నాలుగు టీములు ముందు టెస్టులు రాసి తర్వాత కోడ్ రాసే పద్ధతిని పాటిస్తే, మొదట్లో 15 నుంచి 35 శాతం ఎక్కువ సమయం పట్టిందని మేనేజర్ల అంచనా; విడుదలకు ముందు లోపాల సాంద్రత మాత్రం 40 నుంచి 90 శాతం తగ్గింది. ఆ బేరం గిట్టుతుందో లేదో మీ టీమే తేల్చుకోవాలి, కానీ రెండు వైపుల అంకెలూ ముందు పెట్టుకుని.

అందుకే నా విన్నపం: చేరిన రోజు నుంచే మీ టీమ్ బగ్‌ల చిట్టా చదవండి. ఏ నిర్ణయానికి ముందైనా ఆధారం అడగండి. మీరు కనుగొన్నది, మీ అభిప్రాయానికి ఎదురైనా సరే, రాసి పదిమందికీ పంచండి.