పారాణి నుంచి చెరువు గట్టు దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆమ్లాలు, క్షారాలు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది లిట్మస్ కాగితం. కానీ మన కూచిపూడికి లిట్మస్ రాకముందే అలాంటి సూచిక ఒకటి ఇళ్ళలో ఉంది. అదే పారాణి. పెళ్ళికూతురి పాదాలకైనా, గజ్జె కట్టే పాదాలకైనా పెట్టే ఆ ఎరుపు ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది గానీ, పాత పద్ధతి పసుపు, సున్నమే. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. దానిమీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. పసుపు మరక సబ్బు రాయగానే ఎర్రబడేదీ అందుకే.

ఇక సున్నం సంగతి. గుల్లల్ని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుతలాడి తడిసున్నం అవుతుంది. గోడకు పూస్తే గాలిలోని అదే వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది.

రంగు ఆమ్లమా, క్షారమా అన్నదే చెబుతుంది. ఎంత అన్నది చెప్పాలంటే అంకె కావాలి. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఇచ్చిన పీహెచ్ కొలత ఆ అంకె. 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కో మెట్టుకు తేడా పదిరెట్లు.

ఈ పాఠం ఇవాళ మన డెల్టా రైతుకు డబ్బుతో సమానం. వరి పండిన పొలాలు ఎన్నో చేపల, రొయ్యల చెరువులయ్యాయి. చెరువులోని నాచు పగలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది. నీటిలో అది ఆమ్లంగా పనిచేసేది కాబట్టి, అది తగ్గేకొద్దీ పీహెచ్ పెరిగి మధ్యాహ్నానికి ఎక్కువవుతుంది, తెల్లవారుజాముకు తగ్గుతుంది. మిగిలిన మేత, వ్యర్థాల వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం రూపంతో హాని తక్కువ. విడి అమ్మోనియా మాత్రం మొప్పల గుండా దూరి చంపుతుంది. 28 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర ఆ విష రూపం సుమారు 6, 7 శాతం. 9 దగ్గర సుమారు 40 శాతం!

అందుకే ఆమ్ల గుణమున్న చెరువుకు మందైన సున్నమే, పీహెచ్ పెరిగి అమ్మోనియా పేరుకున్న చెరువుకు ముప్పు. కాల్చిన సున్నం దూకుడుగా పనిచేస్తుంది, కాల్చని సున్నపురాయి పొడి నెమ్మది. పక్క గట్టు మీద చల్లారని మనమూ చల్లకూడదు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచాకే బస్తా విప్పాలి.

పూర్వ విద్యార్థులుగా మనకు నాదొక విన్నపం. బడికి నాలుగు పీహెచ్ మీటర్లు, వాటిని సరిచూసే ద్రావణాలు, అమ్మోనియా పరీక్ష కిట్లు కొనిద్దాం. సీసాలో నిలవ ఉంచిన నీటి పీహెచ్ మారిపోతుంది, కాబట్టి మాస్టారి వెంట పిల్లలే మీటరు పట్టుకుని గట్టుకు వెళ్ళాలి. చెరువున్న ఇంటి పిల్లలు మన తరగతుల్లో ఎందరో ఉన్నారు. పరీక్షలో రెండు మార్కులు తెచ్చే ప్రశ్న, వాళ్ళ నాన్న ఏడాది కష్టాన్ని కాపాడే అంకె కావాలని నా కోరిక.

సెలవు.