మందుల చీటీలో కందిపప్పు



ఈ ఉపన్యాసం ఏ డాక్టరుగారి స్మృతిలో జరుగుతోందో, ఆయన క్షయ రోగులకు రాసిన మందుల చీటీల్లో ఆఖరి వరుస ఎప్పుడూ మారేది కాదని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతారు. పాలు, గుడ్లు, పప్పు తినమని రాసేవారట. పై వరుసల్లో ఉన్న మాత్రలను ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది. ఆఖరి వరుసలో ఉన్నదాన్ని రోగే కొనుక్కోవాలి. కూలికి పోలేక మంచం పట్టిన మనిషి దాన్ని ఏ డబ్బుతో కొంటాడు? ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ ఆఖరి వరుస గురించే. క్షయ విషయంలో తిండి కూడా వైద్యమే. మాత్రలకు కట్టినట్టే దానికీ లెక్క కట్టి, రోగికీ రోగి ఇంటివాళ్లకూ చేర్చాలి. ఇలా చెప్పేవాళ్లు పూర్వమూ ఉన్నారు. అయితే గట్టి రుజువు దొరికింది మాత్రం ఈమధ్యనే.

ఆ రుజువు ఝార్ఖండ్‌లో పుట్టింది. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ తమ సహచరులతో కలిసి 2019లో మొదలుపెట్టిన ఆ పరిశోధనకు 'రేషన్స్' అని పేరు. నాలుగు జిల్లాల్లోని 28 టీబీ యూనిట్లలో 2,800 మంది రోగులను, వాళ్ల ఇళ్లలో ఉన్న 10,345 మందిని చేర్చుకుని, 2022 జూలై దాకా గమనించారు. ఆ ఇంటివాళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా సంతాల్, హో, ముండా, ఒరాన్, భూమిజ్ వంటి ఆదివాసులే. రోగులందరికీ నెలకు 10 కిలోల తిండి సరుకులు ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, వాటితోపాటు విటమిన్ మాత్రలు. ఎండిపోయిన రోగికి తిండి ఇవ్వకుండా ఏమవుతుందో చూద్దామనడం అమానుషం కాబట్టి ఆ విషయంలో యూనిట్ల మధ్య తేడా పెట్టలేదు. తేడా ఇంటివాళ్ల దగ్గర పెట్టారు. కొన్ని యూనిట్లలో ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు అందాయి. మిగతా యూనిట్లలో ఇంటివాళ్లకు అవి లేవు.

2023 ఆగస్టులో లాన్సెట్ పత్రిక ఫలితాలను ప్రచురించింది. సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. దగ్గుతో ఇతరులకు అంటుకునే ఊపిరితిత్తుల క్షయను మాత్రమే లెక్కేస్తే తగ్గుదల 48 శాతం.

ఈ అంకెల విలువ తెలియాలంటే మరో ప్రయత్నాన్ని గుర్తు చేసుకోవాలి. 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు ప్రాంతంలో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో బీసీజీ టీకాను పరీక్షించారు. అంత పెద్ద టీకా పరీక్షలు ప్రపంచంలోనే అరుదు. పదిహేనేళ్లు గమనించాక తేలిందేమిటంటే, పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను అక్కడ ఆ టీకా ఆపలేకపోయింది. పసిపిల్లలకు మెదడు పొరల్లో వచ్చే ప్రమాదకరమైన క్షయ నుంచి బీసీజీ కాపాడుతుంది, అందుకే ఇప్పటికీ వేస్తున్నాం. కానీ పెద్దవాళ్లను కాపాడే టీకా కోసం ప్రపంచం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. అలాంటిది, ఝార్ఖండ్‌లో బియ్యం, కందిపప్పు కలిసి రోగాన్ని సగానికి దగ్గరగా తగ్గించాయి.

ఇదెలా సాధ్యం? ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఒంట్లో క్షయ క్రిమి చేరి ఉందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మందే. మిగతావాళ్లలో అది నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. ఆ నివురు ఒంటి రక్షణ కణాలు కట్టిన అడ్డు. ఆ కణాలకు మాంసకృత్తులు కావాలి, శక్తి కావాలి. తిండి తగ్గితే అడ్డు పలచబడుతుంది. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ ఒక్క పాయింటు పెరిగితే క్షయ ముప్పు సుమారు 14 శాతం తగ్గుతుందని వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు. ఒకే క్రిమి ఒక ఇంట్లో ఊరికే పడి ఉంటుంది, పక్క వాడలో మనిషిని పడగొడుతుంది. భారతదేశంలో క్షయకు దారితీసే కారణాల్లో అన్నిటికంటే పెద్దది పోషకాహార లోపమే.

ఝార్ఖండ్ రోగుల బరువులు చూడండి. నూటికి ఎనభై మందికి పైగా ఉండాల్సిన బరువు కన్నా తక్కువ ఉన్నారు. సగటు బరువు 43 కిలోలకు లోపే. పెద్దవాళ్ల బరువండీ ఇది! చికిత్స మొదలైన రోజున పనికి పోగలిగే స్థితిలో ఉన్నది నూటికి ముగ్గురు. మందులూ తిండీ కలిసి అందాక, చికిత్స ముగిసేనాటికి నూటికి 75 మంది పనికి పోగలిగారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలే. త్వరగా కోలుకునేవాళ్లే త్వరగా బరువెక్కుతారు కదా అని మీరు అడగవచ్చు. అందులో కొంత నిజం ఉంది. అయినా రోగి ఎటు పోతున్నాడో రెండో నెలలోనే చెప్పేసే కాటా ఆరోగ్య కేంద్రంలో చేతికందేంత దూరంలో ఉన్నప్పుడు, దాన్ని వాడకపోవడానికి నాకు ఏ సమర్థనా కనిపించడం లేదు.

ఇక్కడ మన గడ్డ చరిత్రను కొంచెం చెప్పనివ్వండి. 1915లో మదనపల్లె పక్కన, ఆరోగ్యవరంలో, క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ శానటోరియం ప్రారంభించాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దారు. అప్పటికి మందులు లేవు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఇవే చికిత్స. తర్వాత స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక గొప్ప ప్రశ్న వేశారు: రోగి శానటోరియంలో ఉంటేనే నయమవుతుందా, ఇంట్లో ఉండి మందులు మింగినా నయమవుతుందా? ఇరుకు ఇళ్లలో, నాసి తిండి తింటూ, మందులు వేసుకున్నవాళ్లు కూడా శానటోరియం రోగులకు దాదాపు సమానంగా కోలుకున్నారు. 1959లో వెలువడిన ఆ ఫలితం ప్రపంచ క్షయ చికిత్సనే మార్చేసింది. మంచాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పేదలకు అది నిజమైన మేలు. మద్రాసు పరిశోధకులకు మనం రుణపడి ఉన్నాం.

అయితే ఆ ఫలితాన్ని దేశం సగమే చదివింది. మంచం అక్కర్లేదన్నది నిజం. దాంతోపాటు శానటోరియం వంటగదిని కూడా మూసేశాం. మందులుంటే తిండి లేకపోయినా క్రిమి చస్తుందని తేలింది. తిండి లేని మనిషి ఆ తర్వాత ఎంతకాలం బతుకుతాడు, మళ్లీ జబ్బు పడతాడా, అతని పిల్లలు పడతారా అన్న ప్రశ్నలకు అరవై ఏళ్లు తగినంత ప్రాధాన్యం దక్కలేదు.

ఇప్పుడు మన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? 2018 ఏప్రిల్‌లో నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేయడం మొదలైంది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. దాతలు సరుకుల సంచీలు ఇచ్చే నిక్షయ్ మిత్ర పథకాన్ని 2024లోనే రోగి ఇంటివాళ్లకూ విస్తరించారు. ఇవి మంచి అడుగులే, స్వాగతిస్తున్నాను. కానీ బ్యాంకు ఖాతా లేనివాళ్లు, ఆధార్ కలవనివాళ్లు, డబ్బు ఆలస్యంగా పడేవాళ్లు ఎవరో మీకు తెలుసు. ఎండిపోయినవాళ్లే వాళ్లు. దాతల సంచీ దాత మనసును బట్టి వస్తుంది. వైద్యాన్ని అలా వదిలేయకూడదు.

ఇక మనిషి ఆసుపత్రి గడప తొక్కడమే ఒక పెద్ద అడ్డంకి. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో, క్షయ లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ పోలేదని తేలింది. ఎక్కువమంది దగ్గే కదా అనుకున్నారు. తెమడ పరీక్షకు ఒక రోజు కూలి పోగొట్టుకోవడం కంటే దగ్గుతూ పనికి పోవడమే నయమనిపించే ఇళ్లు మన దగ్గర తక్కువేమీ లేవు. రోగం నమోదైతే ఇంటికి పప్పు వస్తుందని తెలిస్తే ఆ ఇళ్ల తలుపులు ఆశా కార్యకర్తకు తొందరగా తెరుచుకుంటాయని నా నమ్మకం.

తమిళనాడు 2022లో ఇంకో దారి చూపింది. చికిత్స మొదలయ్యే రోజునే రోగి బరువు, ఊపిరి వేగం, రక్తంలో ఆక్సిజన్, కాళ్ల వాపు, ఆసరా లేకుండా నిలబడగలడా అన్నవి చూసి, ప్రమాదంలో ఉన్నవాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారు. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ రేపే మొదలుపెట్టవచ్చు.

ఝార్ఖండ్ ఫలితం అన్ని చోట్లా అచ్చుగుద్దినట్టు వస్తుందని నేను అనను. మన పట్టణాల్లో షుగరు వల్ల క్షయ తెచ్చుకునేవాళ్లున్నారు, వాళ్లకు బియ్యం పెంచడం మేలు కాదు. కానీ పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వంటి ఆదివాసీ ఏజెన్సీల సంగతి వేరు. కిలో రెండు రూపాయల బియ్యాన్ని 1983లో ఇంటింటికీ చేర్చిన అనుభవం మనకుంది. బియ్యం ఈనాటికీ వస్తున్నాయి, లోటంతా పప్పులోనే. ఈ సభలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులున్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఏజెన్సీ మండలాల్లో క్షయ నమోదైన ప్రతి ఇంటి కార్డు నంబరూ ఆ వారంలోనే రేషన్ డీలరుకు అందాలి. మనిషికి నెలకు కిలోన్నర కందిపప్పు, చికిత్స నడిచినన్ని నెలలు, రోగితోపాటు ఇంట్లో అందరికీ ఇవ్వాలి. నమోదు రోజున ఒకసారి, రెండో నెలలో ఒకసారి ఏఎన్ఎం రోగి బరువు తూచి చీటీ మీద రాయాలి. పప్పు ఖర్చు పౌర సరఫరాల పద్దులోంచి కాకుండా, మాత్రల ఖర్చు ఏ పద్దులోంచి వస్తుందో అందులోంచే రావాలి. అప్పుడే పప్పు అయిపోతే మందులు అయిపోయినంత గొడవ జరుగుతుంది.