కూలి రేటు ఎవరు కడుతున్నారు?

(కూలీల సభలో చేసిన ప్రసంగం)



గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ కాయకి కల్లంలో తాలు ఏరేదీ, కోల్డు స్టోరేజీల కాడ తొడిమ తీసేదీ ఎక్కువగా మన మాల మాదిగ ఆడవాళ్లే. చేతులు మండి పిల్లకి అన్నం కలిపి పెట్టలేని తల్లులు ఈ సభలోనే ఉన్నారు. టిక్కీలు మోసే మగవాళ్లకి ముఠా ఉంది, బస్తాకి ఇంత అని మాట్లాడుకుంటారు. బరువు పనే, కాదనం. తొడిమ తీసే అమ్మకి మాత్రం రేటు చెప్పేది మేస్త్రి, మేస్త్రికి చెప్పేది యజమాని. ఆమెని అడిగినవాడు లేడు.

అదేమంటే 'ఆడపని వేరు, మగపని వేరు' అంటారు. పెద్ద కంపెనీలూ ఈ మాటే చెప్పాయి. బొంబాయిలో మెకినన్ మెకంజీ అనే ఓడల కంపెనీ ఆడ స్టెనోలకి మగ స్టెనోల కన్నా తక్కువ జీతమిచ్చింది. ఆడ్రీ డికోస్టా కోర్టుకెక్కింది. వీళ్లది వేరే తరగతి, పైగా యూనియనుతో ఒప్పందమైపోయింది అని కంపెనీ వాదించింది. 1976 సమాన వేతన చట్టం ముందు అవేవీ చెల్లవని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు లేదన్నా కుదరదంది. ఆ ఒప్పందంలో యూనియనూ ఉందని మగ కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి!

మరి పైన ఆడవాళ్లని కూర్చోబెడితే సరిపోతుందా? షేరు మార్కెట్టులో ఉన్న కంపెనీల బోర్డులో ఒక్క స్త్రీ అయినా ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. కొందరు ఇంట్లో ఆడవాళ్లనే కూర్చోబెట్టి సరిపెట్టారు. ఆ అమ్మకి మిరపకాయ మంట ఎట్లా తెలుస్తుంది? మన జిన్నింగు మిల్లులకైతే అన్నదమ్ములూ బావమరుదులూ కూర్చుంటే అదే బోర్డు! ఆడవాళ్లు పైకి రావద్దని మేం అనడం లేదు. మనవాళ్లు రావాలంటున్నాం. బాబాసాహెబు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. గని కార్మిక స్త్రీల ప్రసూతి భత్యం చట్టాన్ని 1943లో సవరించింది ఆయన హయాములోనే. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39వ అధికరణంలో ఉంది.

1976 చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబరులో అమల్లో పెట్టారు. ఒకే పనికి గానీ, అదే తరహా పనికి గానీ ఆడా మగా తేడా చూపరాదని అందులోనూ ఉంది. కాబట్టి వచ్చే సీజనుకి రేటు మాట్లాడేటప్పుడు మేస్త్రి ఒక్కడే పోకూడదు. తొడిమ తీసే ఆడవాళ్లలో ఇద్దరు ముందు కూర్చోవాలి. హాజరు పుస్తకంలో ఎవరి పేరు వాళ్లకి, పక్కనే పని, గంటలు, కూలి రాయించాలి. రాయనంటే ఊరూరా మనమే రాసుకుని కార్మిక శాఖ ఆఫీసులో ఇద్దాం. నోటుబుక్కులు మేం తెచ్చాం, పోయేటప్పుడు తీసుకెళ్లండి.