జైలుకి పోయేది ఒక్కరే, జబ్బుపడేది ఇల్లంతా
(పెనుమూడిలో యానాది యువతతో మాట్లాడిన మాటలు)



ఇవాళ ఇద్దరు డాక్టర్ల గురించి చెప్తాను. వరంగల్ పిల్లల డాక్టరు రామనాథం గారు పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షులు కూడా. 1985 సెప్టెంబరు 3న ఆయన్ని సొంత క్లినిక్‌లోనే కాల్చి చంపారు. చంపింది పోలీసులేనని హక్కుల సంఘాలు ఇప్పటికీ చెప్తున్నాయి.

రెండో ఆయన ఛత్తీస్‌గఢ్‌లో గని కార్మికులకు, ఆదివాసులకు వైద్యం చేసిన బినాయక్ సేన్. రాయపూర్ జైల్లో ఉన్న ఒక పెద్దాయన చెయ్యికి ఆపరేషన్ కావాలి. ఇంటివాళ్లు అడిగితే, అధికారుల అనుమతితో ములాఖత్‌కి వెళ్లారు. ఆ ఖైదీ ఉత్తరాలు బయటికి చేరవేశారని కేసు పెట్టి 2007 మే 14న అరెస్టు చేశారు. 2010 డిసెంబరులో యావజ్జీవ శిక్ష వేశారు. 2011 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది.

వాళ్లిద్దరి కథ మనకెందుకు? మన జిల్లాలోనే స్టువర్టుపురం ఉంది. ఎరుకలోళ్లని పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి అక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. యానాదుల మీదా ఆ ముద్రే పడింది. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు కొట్లాడారు. 1952లో ఆ చట్టం పోయింది. అనుమానం మాత్రం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన గుడిసెల వైపే చూస్తారు.

మగమనిషిని తీసుకెళ్తే ఆ రోజు నుంచే కూలి డబ్బులు ఆగిపోతాయి. గర్భిణీకి తిండి తగ్గుద్ది. ముసలమ్మ బీపీ మాత్రలు ఆగిపోతాయి. పోయినాయన టీబీ మందులు వాడుతుంటే ఇంకా ప్రమాదం. మామూలు టీబీకే ఆర్నెల్లు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. కిక్కిరిసిన బ్యారక్‌లో పదిమందికి అంటుకుంటుంది. అందుకే జైలు సంగతి వైద్యం సంగతి కూడా.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఒంటిమీద దెబ్బలున్నా, మందులు వాడుతున్నా అక్కడే నోరు తెరిచి చెప్పాలి. మందుల చీటీ జైలు డాక్టరుకి చేర్చాలి. ఇంట్లో పిల్లలకి టీబీ పరీక్ష చేయించాలి.

1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. ఇంతకుముందు శిక్ష పడనివాళ్లు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండ్‌లోనే గడిపితే బెయిలుకి అర్హులు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 479వ సెక్షన్ ఇదే చెప్తుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు.

మీలో నర్సింగ్ చదివేవాళ్లున్నారు, రేపు డాక్టర్లయ్యేవాళ్లూ ఉంటారు. పేషెంటుని "ఏం జబ్బు?" అని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. "ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు?" అని కూడా అడగండి. కాలనీలో ఎవరినైనా తీసుకెళ్తే ఇద్దరు స్టేషన్‌కి వెళ్లండి, ఇంకో ఇద్దరు ఆ ఇంటికి వెళ్లండి. పొయ్యి వెలిగిందా, మందులున్నాయా చూడండి.

జై ఆదివాసీ!