బడి కమిటీలో పెద్దరికము

(మైలవరములో విద్యార్థుల తలిదండ్రులతో చేసిన ప్రసంగము)



మన మెట్ట ఊళ్ళలో చెరువు తూము ఎవరు ఎత్తుదురో అందరికిని తెలియును. బడి కమిటీ పాసుపుస్తకము ఎవరి యింట నున్నదో మాత్రము చాలమంది తలిదండ్రులకు తెలియదు. ఆ పాసుపుస్తకమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప వచ్చితిమి.

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను ఊళ్ళ పద్ధతి మారలేదు. “మీ బడి కమిటీకి అధ్యక్షులెవరు?” అని అడిగినచో తడుముకొనక ఒకరి పేరు చెప్పుదురు. “వారి పిల్లలు ఏ తరగతి?” అని అడిగినచో కొన్నిచోట్ల జవాబు రాదు. కుమారుడు బడి విడిచి ఇంజనీరింగు కళాశాలలో చేరియుండును. తండ్రి మాత్రము బడిలోనే యుండును! మరికొన్నిచోట్ల కాగితముపై వేరొకరి పేరుండును గాని, చెల్లునది పాత పెద్ద మాటయే.

చట్టము ఇట్లు చెప్పలేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. మన రాష్ట్రములో తరగతికి ముగ్గురు చొప్పున తలిదండ్రులు ఎన్నుకొనబడుదురు. అనగా అయిదు తరగతుల బడికి పదునైదుగురు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు వారిలోనివారే. గడువు రెండేండ్లు. బిడ్డ బడి విడిచినచో తల్లి లేక తండ్రి సభ్యత్వమును అంతటితో ముగియును. అయితే ఒక మాట దాచనక్కరలేదు. 2021 సెప్టెంబరులో జరిగిన ఎన్నికల తరువాత మరల ఎన్నికలు జరిగినది 2024 ఆగస్టు 8న. రెండేండ్ల గడువు దాదాపు మూడేండ్లు సాగినది. పైనుండియే ఆలస్యమైనప్పుడు ఊరి పెద్ద కుర్చీ వదలలేదని ఆయనను మాత్రమే నిందించుట న్యాయము కాదు.

ఈ కమిటీ పేరుకు మాత్రమే యున్నది కాదు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయుట, వచ్చిన నిధులు ఎట్లు ఖర్చైనవో చూచుట దాని విధులు. 2019 నవంబరులో ఆరంభమైన నాడు–నేడు పనులలో మరుగుదొడ్లు, త్రాగునీరు, ప్రహరీగోడల సొమ్ము ఈ కమిటీల ద్వారానే వ్యయమైనది.

మేము చూచిన ఒక బడి సంగతి చెప్పెదము. ఊరి పేరు చెప్పము. అక్కడ ఆడపిల్లల మరుగుదొడ్డికి చక్కని పలకలు వేసిరి, తలుపు పెట్టిరి, రంగు వేసిరి. నీటి గొట్టము మాత్రము కలుపలేదు. పెద్ద పిల్లలు కొందరు నెలలో కొన్ని దినములు బడికి రాకుండిరి. తల్లులందరికిని కారణము తెలియును. కమిటీలో స్త్రీలు సగముమంది ఉండిరి కూడ. కాని సభ పగటిపూట జరిగెడిది. వారు మిరపకాయ కోతకు పోయెడివారు. మినిట్స్ పుస్తకము వారి యిండ్లకే వచ్చి సంతకములు పెట్టించుకొని పోయెడిది. ఇక గొట్టము మాట ఎత్తువారెవరు?

ఆ అధ్యక్షుడు దుర్మార్గుడు కాడు. అది మీరు గమనింపవలెను. ప్రహరీగోడ కావలెనని మండల కార్యాలయము చుట్టు తిరిగినవాడు ఆయనయే. తక్కినవారికి తీరిక లేదు, ఆయనకు మోటారుసైకిలు ఉన్నది. ప్రధానోపాధ్యాయునకును పదునైదుగురిని పిలుచుట కంటె ఒక్కరి సంతకముతో పని జరుగుట సుఖముగా నుండును. ఇట్లు ఏండ్లు గడచిన పిమ్మట ఆయన “నా బడి” అనసాగెను. ఎవరైన లెక్క అడిగినచో తన నిజాయతీని శంకించినట్లు బాధపడును.

కనుక అడుగు తీరు తెలియవలెను. తగవు పెట్టుకొని తీసివేసినచో ఊరు రెండు వర్గములగును, ఆ రొంపిలో బడి చిక్కును. “బాబాయిగారూ, ఇన్నాళ్ళు మీరు శ్రమపడితిరి. ఈసారి మా అమ్మాయికి నేర్పండి” అని బంధువులలో ఒకరు చెప్పినచో అర్థముండును. కమిటీలో కో-ఆప్టు సభ్యులుగా దాతలను, పూర్వ విద్యార్థులను తీసికొనుటకు వీలు కలదు. అనుభవజ్ఞునకు అది గౌరవమైన స్థానము. కాని అధ్యక్షత మాత్రము ప్రస్తుతము బిడ్డలను చదివించుచున్నవారిదే. ఈ తలుపు నుండి వచ్చినవారు మరల ఆ కుర్చీలో కూర్చొనకుండ చూచుకొనవలెను.

ఆయన వినకపోయినచో? ఎన్నికకు కనీసము సగముమంది తలిదండ్రులు హాజరు కావలెనను నిబంధన కలదు. నలుగురు కూర్చొని పేర్లు వ్రాసికొనిన ఎన్నిక చెల్లదని ధైర్యముగా చెప్పుడు; మండల విద్యాశాఖాధికారికి వ్రాతమూలకముగా తెలుపుడు. లెక్కలు చూపనిచో 2005 సమాచార హక్కు చట్టము మీ చేతిలో నున్నది. మన రాష్ట్రములో గ్రామస్థాయి కార్యాలయములలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో అయిదు రూపాయలు.

కొత్తవారిని గూర్చియు ఒక మాట. నేడు ఎన్నికైనవారు రేపటి పాత పెద్దలు కాగలరు. అందుచేత మొదటి సభలోనే పాసుపుస్తకము, మినిట్స్ పుస్తకము, బీరువా తాళము అందరి యెదుట అప్పగింపించుకొని, నిలువ ఎంత యున్నదో బిగ్గరగా చదివించి, వ్రాయించుకొనుడు. పాసుపుస్తకము ఇకమీదట ఎవరి యింటికిని పోక బడి బీరువాలోనే ఉండవలెను.

ఎన్నిక నోటీసు బడి గోడకు అంటించిన సాయంకాలమే కూలికి పోవు తల్లుల యిండ్లకు ఇద్దరు పోయి ఆ సంగతి చెప్పవలెను. చదువు రానివారికి గోడమీది కాగితము ఉన్నను లేకున్నను ఒకటే. ఆనాటి కూలి వారికి పోకుండ ఎన్నిక ఏ వేళకు పెట్టించవలెనో ప్రధానోపాధ్యాయునితో ముందుగానే మాటలాడుడు.