లార్వుడ్ ఇచ్చిన సాక్ష్యము

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన యౌవనస్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



క్రీడలను గురించి కొద్దిసేపు మాట్లాడమని నన్ను ఆజ్ఞాపించారు. ఉదయమంతా వాక్యము విని, ఇప్పుడే భోజనాలు ముగించుకొని కూర్చున్నారు. మీకు కునుకు పట్టకుండా చూసే బాధ్యత నామీద పెట్టినట్లున్నారు. చిన్నతనంలో మిషను హైస్కూలు మైదానంలో నేనూ ఫాస్ట్ బౌలరునే. అంటే చాలా దూరం నుండి పరుగెత్తుకొని వచ్చేవాణ్ణి. బంతి మాత్రం తనకు తోచిన వేగంతో వెళ్ళేది! కాబట్టి ఈరోజు ఒక అసలైన ఫాస్ట్ బౌలరును గురించి చెబుతాను.

ఆట మానుకొన్న బౌలర్లను ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు ఎదుర్కొన్న బ్యాట్స్‌మన్‌లందరిలో మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టినవాడు ఎవరు?" చూడటానికి ఇది కాలక్షేపపు ప్రశ్న. కాని ఆలోచించండి. ఒక మనిషిని పిలిచి, నిన్ను ఓడించినవాని పేరు చెప్పమంటున్నాము. ఆ జవాబు బ్యాట్స్‌మన్‌ను గురించి కొంత చెబుతుంది. చెప్పినవానిని గురించి అంతకంటె ఎక్కువ చెబుతుంది.

హెరాల్డ్ లార్వుడ్ 1904లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో నన్‌కార్‌గేట్ అనే గనికార్మికుల గ్రామంలో పుట్టాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు, క్రమశిక్షణ గల మనిషి, మద్యం ముట్టనివాడు, ఊరిలోని మెథడిస్టు చాపెలుకు కోశాధికారి. హెరాల్డు కూడ పద్నాలుగేళ్ళకే గనిలో దిగాడు. మనిషి పెద్ద పొడగరి కాడు. అయినా ఆ కాలంలో ఆయనంత వేగంగా బంతి వేసినవారు లేరని చూసినవారంతా ఒప్పుకొన్న మాట.

1930లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండుకు వచ్చింది. అందులో డొనాల్డ్ బ్రాడ్‌మన్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు ఉన్నాడు. లీడ్స్ మైదానంలో ఒక్కరోజులోనే 309 పరుగులు చేశాడు. మర్నాడు 334 దగ్గర ఔటయ్యాడు. ఆ అయిదు టెస్టులలో మొత్తం 974 పరుగులు చేశాడు. ఒక టెస్టు సిరీసులో అన్ని పరుగులు ఈనాటి వరకు మరెవరూ చేయలేదు. అదే సిరీసులో లార్వుడ్‌కు దక్కినవి నాలుగే నాలుగు వికెట్లు. ఒక్కొక్క వికెట్టుకు 73 పరుగులు ఇచ్చుకొన్నాడు. వేగమే జీవనంగా గలవానికి అది ఎంత అవమానమో ఊహించండి.

తరువాత ఇంగ్లండు నాయకుడైన వాడు డగ్లస్ జార్డిన్. 1932 జూన్‌లో లార్డ్స్‌లో, తెలుగు కుటుంబంవాడైన సి. కె. నాయుడు నాయకత్వాన మన దేశం తన మొదటి టెస్టు ఆడినప్పుడు ఎదుట నిలిచిన నాయకుడు ఈయనే. బ్రాడ్‌మన్‌ను కట్టడి చేయటానికి జార్డిన్ ఒక ఉపాయం వేశాడు. బంతి కురచగా పడి బ్యాట్స్‌మన్ శరీరం మీదికి లేవాలి. లెగ్ వైపున ఫీల్డర్లు గుంపుగా కాచుకొని ఉండాలి. తప్పించుకొంటే పరుగులు లేవు, కొడితే క్యాచ్, వదిలితే దెబ్బ. దానికే బాడీలైన్ అని పేరు వచ్చింది. అది నెరవేరటానికి వేగము, గురి రెండూ గల చేయి కావాలి. ఆ చేయి లార్వుడ్‌ది.

1932-33లో ఆస్ట్రేలియాలో ఏమి జరిగినదో క్రికెట్ తెలిసినవారికి తెలుసు. అడిలైడ్‌లో లార్వుడ్ బంతి ఆస్ట్రేలియా నాయకుడు ఉడ్‌ఫుల్ గుండెమీద తగిలింది. ఓల్డ్‌ఫీల్డ్ తలకు తగిలి ఎముక చిట్లింది. రెండు దేశాల క్రికెట్ బోర్డుల మధ్య తంతివార్తలు నడిచాయి. లార్వుడ్ 33 వికెట్లు తీశాడు. బ్రాడ్‌మన్ ఎనిమిది ఇన్నింగ్సులలో నాలుగుసార్లు ఆయన చేతనే ఔటయ్యాడు. జీవితమంతటిమీద సగటున 99.94 పరుగులు చేసిన బ్రాడ్‌మన్‌కు ఆ సిరీసులో వచ్చిన సగటు 56.57. ఇంకెవరికైనా అది కిరీటమే. బ్రాడ్‌మన్‌కు అది అపజయమని లోకమంతా అన్నది.

సిడ్నీలో చివరి టెస్టు. లార్వుడ్ కాలి ఎముక విరిగింది, బంతి వేయలేని స్థితి. అయినా బ్రాడ్‌మన్ ఔటయ్యేవరకు మైదానం విడిచి వెళ్ళవద్దని నాయకుడు ఆజ్ఞ. ఆయన అక్కడ ఉంటేనే బ్రాడ్‌మన్ మనసులో బరువు ఉంటుందని జార్డిన్ లెక్క. చివరకు వెరిటీ బంతికి బ్రాడ్‌మన్ ఔటయ్యాడు. అప్పుడు ఒకరు బ్యాటుతో, మరొకరు కుంటుతూ, ఇద్దరూ పక్కపక్కనే నడిచి మైదానం దాటారు. ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ తరువాత లార్వుడ్ మరి టెస్టు ఆడలేదు. అప్పటికి ఆయన వయస్సు 28.

1933లో ఇంటికి చేరిన లార్వుడ్ పత్రికలో ఏమన్నాడో తెలుసా? బ్రాడ్‌మన్ నాకు భయపడ్డాడు, అన్నాడు. కుర్రతనము, గెలుపు, చుట్టూ పొగిడేవారు. నిన్నటిదాకా తనను కష్టపెట్టినవానిని పిరికివాడని చెబితే ఎంత హాయి! ఆ హాయి మనకందరికీ తెలిసినదే.

అయితే రోజులు మారాయి. ఇంగ్లండు క్రికెట్ పెద్దలకు ఆస్ట్రేలియాతో సఖ్యత కావలసి వచ్చింది. క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టమని లార్వుడ్‌ను అడిగారు. నాయకుడు చెప్పినట్లు చేశాను, నేను చేసిన తప్పేమిటి, అని ఆయన పెట్టలేదు. యుద్ధం తరువాత బ్లాక్‌పూల్‌లో చిన్న మిఠాయిల దుకాణం పెట్టుకొన్నాడు. దుకాణం మీద తన పేరు కూడ రాయించుకోలేదు.

అక్కడికి వెదుక్కుంటూ వచ్చినవాడు జాక్ ఫింగిల్టన్. ఎవరీ ఫింగిల్టన్? అడిలైడ్ టెస్టులో రెండు ఇన్నింగ్సులలోనూ సున్నాకే ఔటయిన ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్. రెండవసారి అతని వికెట్లు పడగొట్టింది లార్వుడే. ఆ మనిషే ముందు నిలబడి, ఆస్ట్రేలియాకు వచ్చి స్థిరపడటానికి సాయం చేశాడు. 1950లో లార్వుడ్ భార్యతో, అయిదుగురు కుమార్తెలతో ఒరాంటెస్ అనే ఓడ ఎక్కాడు. 1932లో ఇంగ్లండు జట్టును ఆస్ట్రేలియాకు తీసుకువెళ్ళినది కూడ ఆ ఓడే. ఒకప్పుడు గ్యాలరీలలో నిలబడి ఆయనను తిట్టిన జనమే ఆయనను తమలో ఒకనిగా చేర్చుకొన్నారు. సిడ్నీలో ఉద్యోగం చేసుకొని, పిల్లలను పెంచుకొని, 1995లో అక్కడే కన్నుమూశాడు.

ఆ సిడ్నీ ఇంటికి వచ్చినవారు పాత ప్రశ్నే అడిగేవారు. వృద్ధుడైన లార్వుడ్ చెప్పిన జవాబు సారాంశము ఇది. నన్ను బంతితో చంపేవాడన్నారు. బ్యాటుతో బౌలర్లను చంపినవాడు బ్రాడ్‌మన్ అని మరచిపోయారు. మామూలు పద్ధతిలో అతనిని ఆపలేకనే కదా మేము ఆ పద్ధతికి దిగినది! భయపడ్డాడన్న నోటితోనే, తన కాలపు బ్యాట్స్‌మన్‌లలో అతని వంటివాడు లేడన్నాడు. బాడీలైనే దానికి రుజువుగా చూపించాడు. తన పేరును చెరిపిన పనినే ప్రత్యర్థి గొప్పతనానికి సాక్ష్యంగా నిలబెట్టాడు.

వారిద్దరూ ప్రాణమిత్రులయ్యారని నేను చెప్పను, కాలేదు. లీడ్స్‌లో బ్రాడ్‌మన్ ఆరంభంలోనే తన బంతికి వికెట్‌కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడనీ, అంపైరు కాదన్నాడనీ లార్వుడ్ చివరిదాకా అంటూనే ఉన్నాడు. మనసులో ఆ ముల్లు అలాగే ఉన్నది. అయినా సాక్ష్యము మార్చలేదు. నాకు నచ్చినది అదే. ఫిర్యాదు పోయిన తరువాత నిజం చెబుదామని కూర్చుంటే మనలో ఎవరమూ నిజం చెప్పలేము.

ఏన్గెదీ గుహ దగ్గర సౌలు కథ మీకు తెలుసు. చంపటానికి వెంటపడిన దావీదు తనకంటె నీతిపరుడని ఏడుస్తూ ఒప్పుకొన్నాడు. కాని ఆ ఒప్పుకోలు నిలువలేదు. మళ్ళీ మూడువేల మందితో వెంటపడ్డాడు. ఒకనాటి కన్నీరు సులభము. చెప్పిన మాటమీద ఏళ్ళ తరబడి నిలవటమే కష్టము.

ఇప్పుడు నా సాక్ష్యము. ఇరవై ఏళ్ళ పైబడిన మాట. మా పాస్టరేటు కార్యదర్శి పదవికి పోటీచేసి ఓడిపోయాను. గెలిచినవాడు భోజనాలు పెట్టి గెలిచాడని నలుగురిలో అన్నాను. నేను చూడలేదు. ఎవరో అన్నారు, నాకు బాగుంది, నేనూ అన్నాను. ఎనిమిదేళ్ళు ఆయన ఎదురైతే తల తిప్పుకొన్నాను. ప్రభువు బల్ల దగ్గర ఆయన కుడివైపు వరుసలో ఉంటే నేను ఎడమవైపు వరుసకు వెళ్ళేవాణ్ణి.

ఆయన దిగిపోయిన తరువాత లెక్కలు తనిఖీ చేసే పని నాకే వచ్చింది. ఆ పుస్తకాలు ఎంత శ్రద్ధగా చూశానంటే, నా సొంత లెక్కలు ఎన్నడూ అంత శ్రద్ధగా చూసుకోలేదు. తప్పు కోసమే వెదికాను. దొరకలేదు. ప్రతి ఆదివారపు కానుక ఇద్దరి ఎదుట లెక్కించిన సంతకాలున్నాయి. గుడి కప్పు బాగుచేయించినప్పుడు మిగిలిన మేకుల ధర కూడ తిరిగి జమకట్టి ఉంది. నేను కార్యదర్శినై ఉంటే అంత నికరంగా చేసేవాణ్ణి కానని ఆ రాత్రి నాకు అర్థమయింది.

ఆయనతో ఆ మాట చెప్పాలనుకొన్నాను. క్రిస్మసుకు చెబుదామనుకొన్నాను, తరువాత ఈస్టరుకు అనుకొన్నాను. ఈలోగా ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి తోటలో ఆయన కుమారుని చేయి పట్టుకొని, మీ నాన్నగారు నాకంటె గొప్ప కార్యదర్శి బాబూ, అన్నాను. ఆ అబ్బాయి నిదానంగా, "నాన్నగారికి చెప్పవలసిందండీ. మీరు ఏమనుకొంటున్నారోనని చాలాసార్లు అనుకొనేవారు" అన్నాడు.

యౌవనస్థులారా, నూరేళ్ళ పండుగలో మన అధ్యక్షఖండాన్ని కట్టిన మహనీయుల పేర్లు చదువుకొంటున్నాము. సంతోషమే. కాని ఎన్నికలు వచ్చేసరికి సంఘము రెండు వర్గాలవటమూ, గుడి తగవులు కోర్టుకెక్కటమూ మనకు తెలియనివి కావు. పోటీ ఉండనివ్వండి. లార్వుడ్ తన వేగం తగ్గించుకొని బంతి వేయలేదు. మీరూ తగ్గించుకోనక్కరలేదు. ఓడిన తరువాత, ఓడించినవానిని గురించి నిజం చెప్పండి. అతను లేనిచోట ముందు చెప్పండి, అది కష్టము కనుక. తరువాత అతని ఎదుట కూడ చెప్పండి.

లార్వుడ్‌కు తొంభై ఏళ్ళ ఆయుష్షు దొరికింది. నాకు ఆ క్రిస్మసుకూ ఈస్టరుకూ మధ్యనున్న కొద్ది నెలలే దొరికాయి. మీకు ఎంత దొరుకుతుందో ఆయనకే ఎరుక. ఈ సాయంత్రం ఆరాధనలో సమాధానపు వందనాలు ఇచ్చిపుచ్చుకొనే సమయము వస్తుంది. అప్పుడు పక్కనున్నవాని చేయి పట్టుకొని సరిపెట్టుకోకుండా, లేచి, అవతలి వరుసకు నడవండి.

ప్రభువు మీ అందరినీ దీవించునుగాక. ఆమెన్.