ఎత్తు పెంచిన లారీ - స్టీరింగు భద్రత
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బొంరాస్‌పేటలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని మీద మాట్లాడడానికి నాకన్నా చదువుకున్నవారు ఈ వేదిక మీద ఉన్నారు. నేను గ్యారేజీలో 31 సంవత్సరాలు గ్రీజు చేతులతో పని చేసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన విషయమే మాట్లాడతానని కార్యదర్శి గారికి ముందే చెప్పాను.

విషయం లారీ స్టీరింగు. పెన్షనర్లకు లారీతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. మన తాండూరు వైపు ఇంటికో లారీ, వాడకో టిప్పరు. నాపరాయి గనులున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కందుల మార్కెట్టు ఉంది. కొడుకుకు ఉద్యోగం రాకపోతే మనమేమి చేస్తున్నాము? గ్రాట్యుటీ, పి.ఎఫ్. డబ్బు తీసి పాత బండి కొనిస్తున్నాము. చాలా ఇళ్లలో బండి నడిపేది కొడుకు, ఆర్.సి. మాత్రం తండ్రి పేరు మీద ఉంటుంది. అందుచేత ఇది మన విషయమే.

నేనూ అదే చేశాను. 2007లో మా అన్న కొడుకు సెకండ్ హ్యాండు లారీ కొంటే సగం డబ్బు నాది. గనిలోకి దిగే బాట మీద గుండ్లు, గుంతలు. ముందు ఇరుసు తగులుతున్నదని వాడు కమాన్ పట్టీలు మార్పించి బండిని 4 అంగుళాలు పైకి లేపించాడు. ఆ రోజు నుంచి స్టీరింగు నిలకడ తప్పింది. గుంతలో పడితే చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతున్నది. "చిన్నాయనా, నువ్వు ఇన్నేండ్లు గ్యారేజీలో చేసినవు, నువ్వే ఏదన్న చెయ్యి" అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను.

జరిగినది చెప్పే ముందు చక్రం ఎందుకు తిరిగిందో చెప్పాలి. స్టీరింగు బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని నుంచి కిందికి వేలాడేది డ్రాప్ ఆర్మ్. చక్రం దగ్గర స్టబ్ యాక్సిల్‌కు ఉండేది స్టీరింగ్ ఆర్మ్. ఈ రెండింటినీ కలిపే కడ్డీ డ్రాగ్ లింకు. బండి లేపినప్పుడు ఛాసిస్‌తో పాటు డ్రాప్ ఆర్మ్ పైకి పోతుంది. స్టీరింగ్ ఆర్మ్ మాత్రం ఇరుసుతో కిందనే ఉంటుంది. దాదాపు అడ్డంగా ఉండవలసిన కడ్డీ ఏటవాలు అవుతుంది. అడ్డంగా ఉన్న కడ్డీ ఒక కొస కొంచెం పైకి లేచినా ముందుకు వెనుకకు జరిగేది స్వల్పం. ఏటవాలు కడ్డీ అట్లా కాదు, లేచినంత సేపు అది స్టీరింగ్ ఆర్మ్‌ను నెడుతూనే ఉంటుంది. డ్రైవరు తిప్పకుండానే చక్రం తిరగడానికి కారణం ఇదే. దీనికి తోడు బాల్ జాయింటు ఒక హద్దు వరకే వంగుతుంది. ఆ హద్దు దాటితే మెడ దగ్గర పట్టేసి, రోజూ కొంచెం కొంచెం అలసి, చివరకు తెగుతుంది.

ఇదంతా నాకు తెలుసు. స్టీరింగ్ ఆర్మ్‌ను పైకి వంచితే కడ్డీ మళ్లీ అడ్డంగా వస్తుందని లెక్క వేశాను. లెక్క తప్పు కాదు, చేసిన పద్ధతి తప్పు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచాను. కిరాయికి పోవాలని వాడు తొందర పెడితే నీళ్లు చల్లి చల్లార్చాను. పోత పోసిన ఇనుము కాదు అది. సుత్తి దెబ్బలతో అచ్చులో చేసి, కొలత ప్రకారం వేడి చేసి, చల్లార్చి బలం తెచ్చిన ఉక్కు. మంట పెడితే ఆ బలం పోతుంది. నీళ్లు పోస్తే గాజులాగ పెళుసవుతుంది. వెల్డింగు చేసినా ఇంతే, అతుకు పక్కన కంటికి కనబడని పగులు పుడుతుంది. గ్యారేజీలో ఒక కుర్రవాడు ఈ పని చేస్తే నేనే కేకలేసి ఉండేవాణ్ణి. సొంత ఇంట్లో మాత్రం నియమం మరిచాను.

మూడు వారాలు బండి బాగానే నడిచింది. నాలుగో వారం ఒక సాయంత్రం ఖాళీ బండిని మా ఇంటి ముందు జాగాలో మలుపుతున్నాడు. మనిషి నడిచే వేగం. టప్పుమని చప్పుడు వచ్చింది. వాడు స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు, చక్రాలు మాత్రం తిరగలేదు. బ్రేకు పడేలోపు ప్రహరీ గోడ కూలింది. ఆ గోడ నీడన మా ఇంటామె కందులు చెరుగుతూ, నీళ్ల కోసం అప్పుడే లోపలికి పోయింది. చేట అక్కడే ఉండిపోయింది. ఒక గంట ముందు అదే బండి రాళ్ల లోడుతో బడి పిల్లలు ఇండ్లకు పోయే రోడ్డు మీద ఉన్నది.

ఇదిగో, గుడ్డలో చుట్టి తెచ్చినది ఆ విరిగిన ముక్కనే. అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. విరిగిన చోట రెండు రంగులున్నాయి. నల్లగా తుప్పు పట్టిన భాగం మొదటి రోజుల్లోనే పగిలినది. మెరిసే భాగం ఆ సాయంత్రం తెగినది. అంటే మూడు వారాలు ఆ బండి సగం ఉక్కు మీద నడిచింది.

మరి సరి అయిన పద్ధతి ఏమిటి? మొదటి మాట, వీలైతే లేపవద్దు. గని బాటను చదును చేయించడం, లోడు తగ్గించడం చవక. బరువు ఎత్తుకు పోతే మలుపులో బోల్తా పడే భయం కూడా పెరుగుతుంది. తప్పనిసరి అయితే ఆ మోడలు లారీకి తయారీదారు అనుమతించిన భాగాలే వాడాలి. ఎక్కువ దిగుడు గల డ్రాప్ ఆర్మ్ వేస్తే, దాని రంధ్రం నుంచి రంధ్రం వరకు పొడవు పాతదానితో సమానంగా ఉండాలి, లేకుంటే స్టీరింగు నిష్పత్తి మారుతుంది. దిగుడు పెరిగితే బాక్సు షాఫ్టు మీద భారం కూడా పెరుగుతుందని మరువరాదు. డ్రాప్ ఆర్మ్‌ను పుల్లరుతో తీయాలి, సుత్తితో కొట్టరాదు. ముందు ఇరుసు మీద దిమ్మలు పేర్చి ఎత్తు పెంచడం అన్నిటికన్న ప్రమాదం, గట్టి బ్రేకు పడితే అవి జారవచ్చును. రెండు చక్రాలను కలిపే టై రాడ్ ఇరుసు మీదనే ఉంటుంది, ఎత్తు పెంచినందుకు దాన్ని కోయనక్కర లేదు. పని అయిన తరువాత చక్రాల అలైన్‌మెంటు, కాస్టర్ చూపించాలి. కాస్టర్ తప్పితే మలుపు తరువాత స్టీరింగు తనంతట తిరిగి రాదు.

పవర్ స్టీరింగు ఉన్న బండిలో ఇంకొక మోసం ఉంది. ఎక్కడైనా జాయింటు పట్టేసినా ఆయిలు ఒత్తిడి నెట్టేస్తుంది, డ్రైవరు చేతికి బరువు తెలియదు. అందుచేత కంటితో చూడడమే దారి.

చట్టం మాట కూడా వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి. లోని వివరాలకు, తయారీదారు నిర్ణయించిన దానికి తేడా వచ్చేటట్లు బండిని మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను కింద అనుమతి లేని మార్పుకు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శిక్ష యజమానికి. యజమాని అంటే ఆర్.సి. మీద పేరున్న మనము. 1989 కేంద్ర నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగు ఆట 30 డిగ్రీలకు మించరాదని, బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలని, బోల్టులకు లాకు ఉండాలని చెబుతుంది.

మనము బండి కిందికి దూరే వయసులో లేము. కాని అడగవచ్చును. ఇంటికి పోయి ఈ అయిదు అడగండి:

1. స్టీరింగు భాగాల్లో దేనికైనా మంట గాని, వెల్డింగు గాని తగిలిందా? తగిలితే అది పాత ఇనుము సామానుకే.
2. బండి సమతలం మీద నిలిచినప్పుడు డ్రాగ్ లింకు దాదాపు అడ్డంగా ఉందా?
3. ప్రతి క్యాజిల్ నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను ఉందా? యూ బోల్టులు కొత్తవి వేసి, కొన్ని రోజులు నడిచాక మళ్లీ బిగించారా?
4. స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పినప్పుడు కడ్డీ గాని, బ్రేకు, పవర్ స్టీరింగు గొట్టాలు గాని టైరుకు, పట్టీలకు రాసుకుంటున్నాయా?
5. ఒకరు స్టీరింగు అటు ఇటు ఆడిస్తుంటే, ఇంకొకరు పక్కన నిలబడి ఒక్కొక్క జాయింటులో ఆట చూశారా? జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎవ్వరూ పోకూడదు.

పగులు అనుమానముంటే మన పాత గ్యారేజీ పద్ధతి ఒకటి ఉంది. భాగాన్ని శుభ్రం చేసి కిరోసిన్ పూసి, కొంతసేపటికి తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన నూనె గీతలాగ పైకి వస్తుంది. ఆ రోజు నేను పది నిమిషాలు ఈ పని చేసి ఉంటే ఈ ముక్క నా చేతిలో ఉండేది కాదు.

మా అన్న కొడుకు ఇప్పటికీ బండే నడుపుతున్నాడు, కంపెనీ ఎత్తులోనే. గోడ మళ్లీ కట్టించాము. మా ఇంటామె మాత్రం ఆ గోడ పక్కన కూర్చోదు, నేనూ కూర్చోమని చెప్పలేదు.

సోదరులారా, అనుభవమున్నవాడు కూడా తొందరలో తప్పు చేస్తాడని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీ పిల్లలకు డబ్బు ఇచ్చిన చేతితోనే ఈ నాలుగు మాటలు కూడా ఇవ్వండి.